లైటు కనబడితే చాలదు, పంది కనబడాల

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను కదిరి దగ్గర ఒక పల్లెలో శెనక్కాయ పెట్టుకునే రైతుని. టార్చిలైటు గురించి కూడా పేపర్‌కి ఉత్తరం రాస్తారా అని మా ఇంట్లో నవ్వుతున్నారు, అయినా రాస్తున్నా, ఎందుకంటే కాయ ఊరే టైమ్‌కి అడవిపందులు చేలో పడ్డాయంటే ఒక్క రాత్రిలో మడి మొత్తం కుళ్ళగించి పోతాయి, అందుకని మా పక్క ఇంటికో బ్యాటరీ లైటు ఉంటుంది, ఏటా ఎవరో ఒకరు అంతకంటే పెద్దది కొంటానే ఉంటారు, ఎవరో ఒకరు మోసపోతానే ఉంటారు. ఈ ఏడు ఆ వంతు నాది.

ఫోన్లో యాడ్ చూసి తెప్పించా. డబ్బా మీద 5 కిలోమీటర్ల రేంజ్, 90 వేల ల్యూమెన్ల వెలుతురు, సెల్లు కెపాసిటీ 9900 ఎంఏహెచ్ అని అచ్చేసి ఉంది. ఎంతకి కొన్నానో మాత్రం అడక్కండి. మొదటి రోజు రాత్రి మిద్దె ఎక్కి పైకి కొడితే తెల్లటి గీత మేఘాల దాకా పోయినట్టే అనిపించింది, పిల్లలు ఒకటే కేకలు, నేను కూడా మీసం మెలేశా.

మూడో రోజు చేనుకి పోతే అవతలి గట్టు మీద ఏదో కదిలింది, కొట్టి చూస్తే మసగ్గా బూడిద రంగు తప్ప ఏమీ లేదు. అనుమానం వచ్చి మా తమ్ముణ్ణి బండి మీద చెరువు కట్టకి తీసుకుపోయా. బండి మీటర్లో చివరి అంకె ఒకటి తిరిగితే 100 మీటర్లు కదా, ఆ లెక్కన వాడు ముందుకు పోయి ఆగి, హెడ్‌లైట్ ఆర్పి, తెల్ల తువ్వాలు ఊపాలి, నేను ఈ చివర్నుంచి లైటు కొట్టాలి, ఇద్దరి ఫోన్లూ ఆన్‌లోనే ఉన్నాయి. 100 దగ్గర తువ్వాలే కాదు వాడి లుంగీ గళ్ళు కూడా కనిపించాయి. 200 దగ్గర తెల్లగా ఏదో ఊగుతోంది, మనిషో చెట్టుకొమ్మో చెప్పలేను. 300 దగ్గర ఊపరా అంటే "ఊపుతానే ఉండా గదన్నా" అన్నాడు. సరే అని కిలోమీటరు దాకా పొమ్మన్నా. అక్కణ్ణుంచి వాడు "అన్నా, నీ లైటు నా కంట్లోకే కొడతాంది, ఇంగా దూరం పోవాల్నా?" అన్నాడు. నాకు చూస్తే వాడూ లేడు, బండీ లేదు, కట్టా లేదు, అంతా చీకటి.

ఆ 5 కిలోమీటర్ల కిటుకంతా ఇక్కడే ఉంది సార్. లైటు కనబడ్డం వేరు, లైటు వెలుతురులో వస్తువు కనబడ్డం వేరు. మొదటిదానికి వెలుతురు అటు పోతే చాలు. రెండోదానికి అంత దూరం పోవాలి, వస్తువుకి తగలాలి, తగిలినదాంట్లో కొంచెం మళ్ళీ అంత దూరం వెనక్కొచ్చి మన కంట్లో పడాలి. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ ఉంది కదా, అది ఎక్కడో సముద్రంలో ఉన్న ఓడకి కనబడుతుంది, అంతమాత్రాన ఆ లైటు వెలుతురులో పైనున్నోళ్ళకి ఓడ కనబడదు.

దీనికి లెక్క లేదా అంటే ఉంది, నెట్‌లో ఒక వారం కూర్చుని చదివా. అమెరికాలో టార్చి కంపెనీల వాళ్ళు 2009లో ఎఫ్ఎల్1 అని ఒక స్టాండర్డ్ పెట్టుకున్నారు. దాని ప్రకారం వెలుతురు 0.25 లక్స్‌కి (లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురు కొలత) పడిపోయే చోటే ఆ లైటు రేంజ్, అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. వెన్నెల్లో దారి తెలుస్తుంది గానీ పందో దూడో చెప్పమంటే కష్టం కాబట్టి పోల్చుకోవాలంటే ఆ దూరంలో సగమే అనుకోండి. లెక్క కూడా సులువే, క్యాండెలా, అంటే ఒక వైపుకి పోయే వెలుతురు జోరు, ఎంతో చూసి దాని వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే మీటర్లు వస్తాయి. 10 వేల క్యాండెలా అయితే 200 మీటర్లు, రెండున్నర లక్షలైతే కిలోమీటరు. దూరం రెట్టింపు కావాలంటే క్యాండెలా నాలుగు రెట్లు కావాలి, ఇది గుర్తుంటే సగం యాడ్లు అక్కడే తేలిపోతాయి. నా లైటు చెప్పే 5 కిలోమీటర్లకి అరవై రెండున్నర లక్షల క్యాండెలా ఉండాలి!

అంగట్లో అందరూ ల్యూమెన్లే చెప్తారు, క్యాండెలా అడిగితే మొహం చూస్తారు. ల్యూమెన్ అంటే బోర్లోంచి వచ్చే మొత్తం నీళ్ళు, క్యాండెలా అంటే పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే వచ్చే ధార. నీళ్ళు అవే, ధార మాత్రం ఎంతో దూరం పోతుంది. లైట్లో ఆ పని చేసేది రిఫ్లెక్టర్, అది ఎంత వెడల్పూ లోతూ ఉంటే, ముందున్న ఎల్‌ఈడీ చుక్క ఎంత చిన్నగా ఎంత మెరుస్తా ఉంటే, అంత దూరం.

ఇక 90 వేల ల్యూమెన్ల సంగతి. మంచి ఎల్‌ఈడీ వాట్‌కి 150 ల్యూమెన్లు ఇస్తుందనుకున్నా 600 వాట్లు కావాలి, అంటే ఇంచుమించు ఇస్త్రీపెట్టెని చేత్తో పట్టుకున్నట్టే. లోపల ఉన్నది 18650 అనే సైజు ఛార్జింగ్ సెల్లు ఒక్కటి, ఆ సైజులో మామూలుగా దొరికే మంచి సెల్లులే 3500 ఎంఏహెచ్‌కి అటూ ఇటూగా ఆగుతాయి, 9900 అని రాసుంటే అది ఇంకు ఖర్చు మాత్రమే. నిజంగా 3500 ఉందనుకున్నా 600 వాట్లకి ఒక నిమిషం పైన కొంచెం వస్తుందేమో, అసలు అంత కరెంటు లాగితే సెల్లు తట్టుకోదు. ఇంకోటి, నిజమైన పవర్ ఉన్న లైట్లు కూడా ఫుల్‌లో పెడితే కాసేపటికి వేడెక్కి వాటంతటవే తగ్గుతాయి, అది రిపేర్ కాదు, కాలిపోకుండా పెట్టిన ఏర్పాటు.

పక్కూరి పెద్దాయన దగ్గర ఒక లైటు ఉంది, డబ్బా మీద 20 వేల క్యాండెలా, 283 మీటర్లు అని బుద్ధిగా వేశారు, నేను లెక్కేస్తే సరిగ్గా అంతే వచ్చింది. కిలోమీటర్ల లైట్ల పక్కన 283 అంటే ఎవరు కొంటారు చెప్పండి, ఆ అంగడాయన కూడా అవి తేవడం మానేశాడంట.

దూరం పిచ్చి కూడా తగ్గించుకోవాలనుకోండి. నాది జూమ్ లైటు, ముందుకి లాగితే గోడ మీద నలుచదరంగా ఒక ముక్క పడుతుంది, అది ఎల్‌ఈడీ బొమ్మే. ఆ ముక్క బయట కటిక చీకటి, కాలి పక్కన రక్తపింజర చుట్ట చుట్టుకుని ఉన్నా తెలీదు. నడిచేటప్పుడు వెడల్పుగా పరుచుకునే లైటే మేలు, అది తక్కువ ల్యూమెన్లదైనా సరే. మంచు పట్టిన తెల్లారుజామున అయితే ఎంత పెద్ద లైటైనా ఎదురుగా తెల్లగోడ లేస్తుంది, వెలుతురు మంచుకి తగిలి మన కంట్లోకే వస్తుంది.

నేను అడిగేది ఒక్కటే. మీ పేపర్లో కూడా ఇలాంటి లైట్ల యాడ్లు వస్తున్నాయి. క్యాండెలా రాయని యాడ్ వేసుకోవద్దు, లేదా కనీసం వ్యవసాయం పేజీలో ఒకసారి నాలుగైదు లైట్లు తెచ్చి చీకట్లో కొలిచి వేయండి, చెరువు కట్ట మాదే ఇస్తాం, తువ్వాలు పట్టుకోవడానికి తమ్ముడూ ఉన్నాడు. తప్పుడు యాడ్ల మీద 2019 వినియోగదారుల చట్టం ఉంది, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చా, కంప్లైంట్ నంబర్ ఇచ్చారు, ఏమైందో ఇంకోసారి రాస్తా.

ఇట్లు,
ఒక శెనక్కాయ రైతు,
శ్రీ సత్యసాయి జిల్లా

తా.క.: మా నాయన మాత్రం ఇంకా మూడు సెల్లుల పాత ఎవరెడీ స్టీలు లైటే పట్టుకుపోతాడు. దూరం రాదు కదా నాయనా అంటే, పంది నా దగ్గరికి వస్తుంది గదరా అంటాడు.