రిసార్టు మానెయ్, ఒక్క మంచం చాలు

ఒరేయ్ శీనూ,

కోనసీమ రావాలని ఉంది గానీ దిండి రిసార్టుల రేట్లు చూసి ఆగిపోయానన్నావు, అసలు నీకు రిసార్టెందుకురా? పొద్దున లేస్తే రాత్రిదాకా ఊళ్ళంట తిరిగేవాడివి, పడుకోడానికో మంచం, స్నానానికి నీళ్ళు, బ్యాగుకి తాళం, అంతేగా కావాల్సింది. హంపి, గోకర్ణ, వర్కల నేను అలాగే తిరిగాను, హాస్టళ్ళలో. అక్కడ గది మొత్తం తీసుకోం, రైల్లో బెర్తు తీసుకున్నట్టు మంచం ఒక్కటే తీసుకుంటాం, గదిలో ఆరుగురుంటారు, ఒక్కోచోట పది మంది. ఆడవాళ్ళకి విడిగా డార్మ్ కూడా ఉంటుంది చాలాచోట్ల, మీ చెల్లి అడిగిందన్నావుగా, చెప్పు.

బుక్ చేసేముందు ఫొటోలు కాదురా చూడాల్సింది, ఈమధ్య ఉండొచ్చినోళ్ళు ఏం రాశారో చదువు, ముఖ్యంగా బాత్రూముల గురించి. ఎన్ని మంచాలకి ఎన్ని బాత్రూములో ఫోన్ చేసి అడిగెయ్, మొహమాటం వద్దు. కింది మంచం దొరికితే తీసుకో. లాకరిస్తారు గానీ తాళం మనదే ఉండాలి చాలాచోట్ల. తెల్లారుజామున బండి ఉంటే రాత్రే సర్దుకో, అయిదింటికి లేచి చీకట్లో ప్లాస్టిక్ కవర్లు గరగరలాడిస్తే పక్కోళ్ళ నిద్ర పాడవుతుంది, అది నాకస్సలు నచ్చదు. ఇంకోటి, ఆధార్లో అదే ఊరి అడ్రసుంటే బెడ్ ఇవ్వని హాస్టళ్ళున్నాయి, అది ముందే కనుక్కోవాలి.

వంటిల్లు ఉన్న హాస్టలైతే మాత్రం వదలకు. వర్కలలో ఓ రాత్రి నేను అన్నం వండి, ఇంటినించి పట్టుకెళ్ళిన కందిపొడి, నెయ్యి తీశాను, ఇంక చూస్కో, అప్పటిదాకా ఎవరి ఫోన్లో వాళ్ళున్నోళ్ళంతా బల్ల చుట్టూ చేరారు, అస్సాం అబ్బాయొకడు వాళ్ళ ఊళ్ళో వరదొస్తే ఎలా ఉంటుందో చెప్తున్నాడు, నేను మన గోదావరి మధ్య లంక ఊళ్ళ సంగతి చెప్తున్నా, పన్నెండయినా ఎవరూ లేవలేదు. హోటల్ గదిలో తలుపేసుకుంటే ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి చెప్పు. నేను డబ్బులున్నా హాస్టల్‌కే వెళ్తాను, నిజంగా చెప్తున్నా.

అన్నట్టు ఈ హాస్టళ్ళు ఎలా పుట్టాయో తెలుసా? జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అని ఒక స్కూలు మాస్టారు, 1909లో పిల్లల్ని నడిపించుకుంటూ టూరెళ్తుంటే గాలివాన పట్టుకుంది, ఒక పల్లెటూరి బళ్ళో గడ్డి పరుచుకుని ఆ రాత్రి గడిపారు, సెలవుల్లో ఖాళీగా ఉండే బళ్ళన్నీ ఇలా వాడుకోవచ్చు కదా అని ఆయనకి అప్పుడే తట్టింది. 1912లో ఆల్టెనా అనే ఊళ్ళో కోటలో మొదటి యూత్ హాస్టల్ పెట్టారు. మన డొక్కా సీతమ్మగారు పోయింది కూడా ఆ 1909లోనే. లంకల గన్నవరంలో ఏ వేళప్పుడు ఏ బాటసారి వచ్చినా ఆవిడ అన్నం పెట్టేవారు, కులం గిలం అడిగేది లేదు. కాలవని గోదావరి దాటించే గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు, ఆ మీదనించి వెళ్ళేప్పుడు బస్సులో కునుకు తియ్యకు.

మన దగ్గర గోకర్ణలోలాగా వీధికో హాస్టల్ ఉండదు, నువ్వు యాప్‌లో వెతికితే ఏం కనపడదు, అందుకే రిసార్టులే ఉన్నాయనుకున్నావు. గుళ్ళ దగ్గర సత్రాలున్నాయి కదరా! శివుడి గుళ్ళు పంచారామాలు అయిదింట్లో నాలుగు మనవైపే, ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం. కార్తీకమాసంలో అయితే పంచారామాల స్పెషల్ బస్సులేస్తారు, జనం జనం. రిజర్వేషన్ టికెట్టుంటే పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ రూములు కూడా చూడు, ఐఆర్‌సీటీసీలో పీఎన్‌ఆర్ కొడితే ఖాళీలు చూపిస్తుంది.

ఒక్కటే బాధ, ఒంటరిగా వెళ్తే కొన్ని సత్రాల్లో గదివ్వరు. నాకో చోట రాత్రి పదింటికి ఇవ్వలేదు, ఫ్యామిలీ ఉందా అన్నారు, లేదంటే పొమ్మన్నారు. ఇది నాకు చాలా అన్యాయం అనిపిస్తుందిరా, ఒంటరిగా వచ్చినోడికే కదా ఆ టైంలో చోటు కావాల్సింది. అందుకే ఇద్దరం వెళ్దాం.

రావులపాలెంలో కలుసుకుని అమలాపురం మీదుగా అంతర్వేది పోదాం, నరసింహస్వామి దర్శనం, సముద్రం దగ్గర సాయంత్రం, ఆ రాత్రి అక్కడే. భీష్మ ఏకాదశికి మాత్రం వద్దు, రథోత్సవం జనంతో నిలబడే చోటుండదు. మర్నాడు సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటెక్కి నర్సాపురం, అక్కణ్ణించి పాలకొల్లు. ఆ పంటు మీద బైకులు, కార్లు, కూరల బుట్టలు, పెళ్ళి బట్టలేసుకున్న చుట్టాలు అంతా ఒకే చోట, నీళ్ళ మీద ఆ కాసేపూ ఎవరో ఒకరు మనల్ని ఏ ఊరని అడక్కుండా ఉండరు.

దుప్పటి, తువ్వాలు, చిన్న తాళం తెచ్చుకో, దోమలకి ఏదన్నా రాసుకునేది కూడా. సెలవెప్పుడు దొరుకుతుందో చెప్తే సత్రాలకి నేను ఫోన్లు చేస్తాను.

నీ
రాజు