పెద్దావిడ వేసిన వేరావల్ ప్రశ్న

ఒరే సూరీ,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో గుర్తు చేయకు. తిట్టాలనుంటే తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరూ కులాసా. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, చిన్నోడు బడికెళ్తున్నాడు, జీడిపప్పు పార్సిల్ పంపిస్తాను. ఇంతే. ఇక అసలు సంగతి విను, నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద సర్వే అని చెప్పాను కదా. పీహెచ్‌సీల (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల) ద్వారా ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసి క్రియాటినిన్ చూడటం. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం అది. ఈసారి సర్వే నడిపే మా పెద్దాయన ఊళ్ళవాళ్ళతోనే ఒక సలహా మండలి పెట్టారు. కొబ్బరి రైతు, జీడి ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె, ఆశా కార్యకర్త, డయాలసిస్‌కి సోంపేట వెళ్ళొచ్చే ఒకాయన, సముద్రపొడ్డు ఊరినుంచి చేపలమ్మే పెద్దావిడ. కూలి పోతుంది కాబట్టి వచ్చిన రోజుకి డబ్బులు, భోజనం. 1980ల చివర్లో అమెరికాలో ఎయిడ్స్ మందుల పరిశోధనలప్పుడు, మమ్మల్ని అడగరేం అని రోగులు పోట్లాడి సాధించుకున్న పద్ధతి ఇది. మన వైద్య పరిశోధనా మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో కూడా ఉంది. చాలాచోట్ల సంతకాలకీ టీలకీ సరి. ప్రకాశం మాస్టారి గొడుగన్నమాట, చూపుకే గానీ వానకి పనికిరాదు!

మీటింగ్ మొదలవగానే డయాలసిస్ ఆయన లేచాడు. "ఎన్నిపాల్లు రగతం తీసారు బావూ, ఒక్క కాయితమైనా ఇచ్చారేటి?" ఇంతకుముందు వచ్చినవాళ్ళ సంగతి. ఎవరూ మాట్లాడలేదు. నాకు చేతిలో టీ తాగబుద్ధి కాలేదురా. ఆయన తమ్ముడు కూడా... సరే, అది తర్వాత. రిపోర్టు ఇంటికి చేర్చాకే పక్క ఊరికి కదలాలని అక్కడికక్కడే రాసుకున్నాం.

తర్వాత పెద్దాయన గోడకి చార్టు అంటించారు. నవంబర్‌లో మొదటి శాంపిల్, ఫిబ్రవరి చివర్లో రెండోది. ఎండలో పనిచేసి నీళ్ళు తాగకపోయినా ఆ రోజుకి క్రియాటినిన్ పెరగొచ్చు. మూడు నెలలు దాటాక కూడా అలాగే ఉంటేనే దీర్ఘకాలిక జబ్బు కింద లెక్క. ఇదంతా ఆయన చక్కగా వివరిస్తుంటే, ఆ పెద్దావిడ ఆకు నమలడం ఆపి, "నవంబర్లోనా? అప్పుడు మా ఊళ్ళో మగోలెవులుంటారు బావూ? అందరూ వేరావల్లోనే కదేటి!" అంది.

చార్టు మీద కర్ర అలాగే ఆగిపోయింది! వేరావల్ అంటే గుజరాత్‌లో చేపల రేవు, ఆ ఊరి మగవాళ్ళు అక్కడి బోట్ల మీద పనికెళ్తారు. అటువైపు చేపల వేట నిషేధం జూన్‌లో మొదలై రెండు, రెండున్నర నెలలు. వాళ్ళు ఊరొచ్చేది అప్పుడే, ఆగస్టులో మళ్ళీ బోటెక్కేస్తారు. నవంబర్‌లో తలుపు కొడితే ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. మా ఫారంలో 'ఇంట్లో లేరు' అని టిక్కు పెట్టి పక్కింటికి పోవడమే. ఈ జబ్బేమో మగవాళ్ళలోనే ఎక్కువంటారు. లెక్కలు చూసే కుర్రాడి మొహం చూడాల్సింది, మన హాస్టల్లో సాంబారులో చెంచా దొరికిననాటి నీ మొహమే.

సరే, జూన్‌కి మారుద్దాం అన్నారు పెద్దాయన. వెంటనే ఆయనే వేళ్ళు లెక్కపెట్టి నాలుక్కరుచుకున్నారు. నిషేధం మూడు నెలలైనా ఉండదు, మనకి మూడు నెలలు దాటాలి! జూన్‌లో తీస్తే రెండోది ఎక్కడ తీస్తాం?

"ఆలంతా ఆ ఒక్క రేవులోనే ఉంటారు. ఆడికే ఎల్లండి" అంది పెద్దావిడ, ఇందులో ఏముందన్నట్టు.

నవ్వారందరూ. కాసేపటికి నవ్వు ఆగింది, ఎందుకంటే అంతకన్నా మంచి దారి ఎవరికీ తోచలేదు. ఇప్పుడు పెద్దాయన రోజంతా ఫోన్‌లోనే. పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీని మళ్ళీ అడగాలి, రెండుచోట్ల ల్యాబ్ మిషన్లు ఒకేలా కొలుస్తున్నాయో లేదో చూడాలి, పైసలివ్వమని దేబిరించాలి. ఇది జరుగుతుందో లేదో చెప్పలేను. కానీ ఒరే, పీజీలు చదివినవాళ్ళం అంతమందిమి కూర్చుని గీసిన చార్టు అది.

జీడి ఫ్యాక్టరీ ఆమెది ఇంకో రామాయణం. పొద్దున్న ఎనిమిదింటికి రమ్మంటే ఆమె ఏమందంటే... అదిగో జీపువాడు హారన్ కొట్టేస్తున్నాడు, కంచిలి పోవాలి. మిగతాది రేపు రాస్తాను. నువ్వు మాత్రం వెంటనే

నీ
బాబ్జీ