కోచ్‌లను కాదు, స్ట్రైకర్లను చూడండి: ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడికి బహిరంగ లేఖ

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులు కల్యాణ్ చౌబే గారికి,

నమస్కారం. మీరు గోల్‌కీపర్‌గా ఆడినవారు. ఎదుటి జట్టులో గోల్ కొట్టేవాడు ఒక్కడే ఉంటే పని ఎంత తేలికో మీకు నేను చెప్పాలా! మనతో ఆడే జట్లు ఏళ్లుగా ఆ సుఖం అనుభవిస్తున్నాయి.

2024 జనవరిలో ఖతార్ ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లాడి ఒక్క గోల్ కొట్టలేదు. జూన్‌లో మన ప్రధాన స్ట్రైకర్ (ముందు వరుసలో గోల్స్ కొట్టే ఆటగాడు) సునీల్ ఛెత్రీ రిటైరయ్యాడు. ఏడాది తిరక్కముందే ఆయన్నే వెనక్కి పిలిచాం. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్ మీద గోల్ కోసం నలభై ఏళ్ల మనిషి వైపే చూశాం. స్కోరు 0-0. 2027 ఆసియా కప్ అర్హత పోటీల తొలి ఐదు మ్యాచ్‌లలో మనం కొట్టినవి రెండే గోల్స్. 24 జట్లు ఆడే టోర్నీకీ వెళ్లలేకపోయాం.

కోచ్‌ది తప్పన్నారు. భారత జట్టు మాజీ కోచ్ మనోలో మార్క్వెజ్ సంగతే చూడండి. 2022లో మా హైదరాబాద్ ఎఫ్‌సీని ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఛాంపియన్ చేసిందీ ఆయనే, భారత జట్టుతో ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచిందీ ఆయనే. హైదరాబాద్‌లో ఆయనకు ఒగ్బెచే ఉన్నాడు, ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. ఆ నైజీరియన్‌ని మేం నెత్తిన పెట్టుకున్నాం, అది వేరే సంగతి. భారత జట్టులో అలాంటివాడు లేడు. వంటింట్లో సరుకు లేనప్పుడు వంటమనిషిని మారిస్తే ఏం లాభం?

సరుకు ఎందుకు లేదంటే, చాలా క్లబ్బుల్లో ముందు వరుస మధ్య స్థానం విదేశీ ఆటగాడిదే. మన కుర్రాడు వింగ్‌కి, అంటే మైదానం అంచుకి జరుగుతాడు, లేదా బెంచ్ మీద కూర్చుంటాడు. పెనాల్టీ బాక్స్‌లో డిఫెండర్ భుజం తగులుతుండగా అర సెకనులో షాట్ కొట్టడం ప్రాక్టీసులో వచ్చేది కాదు, వారం వారం మ్యాచ్‌లు ఆడితేనే వస్తుంది.

ఒకప్పుడు మనకు ఈ కరువు లేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మా హైదరాబాద్ రహీం సాబ్ కోచ్‌గా ఉన్న భారత జట్టులో పీకే బెనర్జీ, చునీ గోస్వామి, మా సికింద్రాబాద్ బలరాం లాంటి గోల్ కొట్టేవాళ్లు ఉన్నారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీం సాబ్ ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీస్‌లోనూ, దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ ఆయన గోల్ కొట్టారు. చుట్టూ ముగ్గురు నలుగురు గోల్ కొట్టగలవాళ్లుంటేనే కోచ్‌కి అలాంటి సాహసం చేసే ధైర్యం వస్తుంది.

ఐఎస్ఎల్ నిబంధనలు మార్చాలంటే క్లబ్బులు గొడవ చేస్తాయి, తెలుసు. సూపర్ కప్ మాత్రం మీ సమాఖ్యదే కదా. వచ్చే ఎడిషన్‌లో మైదానంలో ఇద్దరికి మించి విదేశీయులు ఉండకూడదని రాయండి. జాతీయ జట్టుకు నలుగురైదుగురు యువ ఫార్వర్డ్‌లను ఎంచుకుని, రెండు మ్యాచ్‌లు ఓడగానే మార్చేయకుండా కనీసం ఏడాదిపాటు కలిపి ఆడించండి. మొదట్లో ఓడతాం. ఇప్పుడు మాత్రం గెలుస్తున్నామా?

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక ఫుట్‌బాల్ అభిమాని