పాంప్లెట్‌లో 'పాన్' అని వేశాం, తప్పు మాదే

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర సీసీ కెమెరాల దుకాణం మాది. పోయిన నెల పంచిన పాంప్లెట్‌లో తిరిగే కెమెరా బొమ్మ కింద '360 డిగ్రీల పాన్, టిల్ట్' అని వేశాం. ప్రింటింగ్‌కు ఇచ్చేముందు నేను సరిగ్గా చదవలేదు.

మొదటి ఫోన్ ఒక పెద్దాయనది. "తమ్మీ, కెమెరాతో పాన్ ఫ్రీయా?" నవ్వొచ్చింది గానీ ఆయన అడిగిందాంట్లో తప్పేముంది? మనకు పాన్ అంటే కిళ్లీ, కాదంటే పాన్ కార్డు. ఈ పాన్ పనోరమా అనే మాటకు ముక్క. 1787లో రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు, మధ్యలో నిలబడి చుట్టూ చూసే పేద్ద బొమ్మకు పేటెంట్ తీసుకున్నాడు. పనోరమా అనే పేరు అలాంటి బొమ్మలకే పెట్టారు. సినిమా కెమెరా వాళ్లు దాన్ని కురచ చేసి పాన్ అన్నారు. కెమెరా ఉన్నచోటే ఉండి, మనం 'వద్దు' అని తల ఊపినట్టు పక్కలకు తిరిగితే పాన్. 'సరే' అన్నట్టు పైకీ కిందికీ ఆడితే టిల్ట్. ఉన్నచోటు వదిలితే అది పాన్ కాదు. మా కుర్రాడు ఫోన్లో "పాన్ చెయ్యండి సార్" అంటే ఒకాయన నిచ్చెనెక్కి కెమెరా మొత్తం ఊడదీశారు!

ఇక 360 సంగతి. మేం అమ్మింది 355 డిగ్రీలే తిరుగుతుంది. చివర టక్కున ఆగి, మళ్లీ వెనక్కి రావాలి. లోపలి వైరు మెలిపడకుండా ఆ ఏర్పాటు. ఆ 5 డిగ్రీలతో ఎవరికీ నష్టం లేదు. నష్టమంతా నాలుగు దిక్కులూ ఒకేసారి చూస్తుందని జనం అనుకోవడంతో వచ్చింది. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కెమెరా గేటు వైపు తిరిగి ఉంది. వెనక కాటా మీదికి వడ్ల లారీ వచ్చి తూకమై పోయింది, రికార్డులో లేదు. ఓనర్ గారు కోపంగా వచ్చారు, రావాల్సిందే. గేటుకొకటి, కాటాకొకటి కదలని కెమెరాలు బిగించాం. పైన పడిన ఖర్చు మేమే పెట్టుకున్నాం.

ఆ పాంప్లెట్ చూసి కొన్నవాళ్లు బిల్లు తెస్తే చాలు, కెమెరా మారుస్తాం, లేదా డబ్బులు వాపసు ఇస్తాం. తిప్పాలంటే ఫోన్లో బాణం గుర్తే నొక్కండి. చేత్తో తిప్పి లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రం విరగ్గొట్టినవి మాత్రం తీసుకోలేను, ఇప్పటికే మూడు వచ్చాయి.