రిజిస్టర్లన్నీ ఒక్క టేబుల్ మీద పెట్టండి

ఎడిటర్ గారికి,

నమస్కారమండి. టీనేజ్ పిల్లల మీద ఏ చెడ్డ వార్త వచ్చినా చివర్లో స్కూలు వాళ్లు చెప్పే మాట ఒకటే ఉంటుంది, నిన్నటిదాకా బాగానే ఉన్నాడండీ, మాకేం తెలీదు అని. 28 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ని నేను, ఆ మాట చదివినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్లు అబద్ధం చెప్తున్నారని కాదు, విడివిడిగా అడిగితే ఎవరికీ నిజంగానే తెలీదు, కానీ అందర్నీ కూర్చోబెట్టి అడిగితే తెలిసేది. అది చెప్దామనే ఈ ఉత్తరం.

నేను పనిచేసిన ఒక స్కూల్లో తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. లెక్క మొత్తం పద్ధతిగా చేసుకుంటూ వచ్చి ఆఖరి స్టెప్పు దగ్గర వదిలేసేది, జవాబు రాసేది కాదు. మొదట్లో ఒకటీ అరా, తర్వాత పేజీలకి పేజీలు అలాగే. చేతకాక కాదు, పై స్టెప్పులన్నీ కరెక్టే. నేనేం చేశాను, ఎర్ర పెన్నుతో 'శ్రద్ధ లేదు' అని రాసి సంతకం పెట్టి పుస్తకం తిరిగిచ్చేశాను, ఒకసారి కాదు, ఆరేడు సార్లు. పిల్లని పక్కకి పిలిచి ఏమ్మా ఎందుకిలా ఆపేస్తున్నావ్ అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ పిల్ల స్కూలు మానేసిన కొన్నాళ్లకి స్టాఫ్ రూమ్‌లో ఆమె మాట వచ్చింది. పీఈటీ సారు అన్నారు, ఆటల పీరియడ్‌లో గోడకి ఆనుకుని కూర్చునేది, పిలిచినా వచ్చేది కాదు అని. క్లాస్ టీచర్ అన్నారు, సోమవారం వస్తే చాలు తలనొప్పి అని లీవ్ లెటరు, అందులో చేతిరాత పిల్లదే అని. లైబ్రరీ మేడమ్ చెప్పారు, లంచ్ అవర్ అంతా అక్కడే ఉండేది, తెరిచిన పేజీ తిప్పేది కాదు. ఆయా అయితే, బాత్రూమ్ దగ్గర ఏడుస్తుంటే రెండుసార్లు మొహం కడిగించి క్లాసుకి పంపానమ్మా అంది. నాలుగు నెలల కథ పది నిమిషాల్లో బయటపడింది, మేం ఐదుగురం రోజూ ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లమే. ఇంట్లో ఏం జరిగేదో తర్వాత తెలిసింది కానీ అది ఆ అమ్మాయి సొంత విషయం, ఇక్కడ రాయను.

అసలు స్కూలు ఏం చూడాలి అంటే పెద్ద పరికరాలేం అక్కర్లేదండీ. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీకి చెందిన రాబర్ట్ బాల్ఫాంజ్, ఆయన తోటివాళ్లు ఫిలడెల్ఫియాలో ఆరో తరగతి నుంచి సుమారు 13 వేల మంది పిల్లల రికార్డులు ఏళ్ల తరబడి చూసి 2007లో ఒక స్టడీ వేశారు. చూసినవి అటెండెన్స్, నడవడిక, లెక్కల్లో ఇంగ్లీషులో ఫెయిలవడం, అంతే, ప్రతి స్కూల్లోనూ బీరువాలో పడుండేవే. తర్వాత చదువు పూర్తి చెయ్యలేకపోయిన వాళ్లలో 60 శాతం మందిని ఆ గుర్తులతో ఆరో తరగతిలోనే పట్టుకోవచ్చని తేలింది.

మరి మిగతా 40 శాతం? మా లెక్కల అమ్మాయి లాంటి వాళ్లు అందులోనే ఉంటారని నా అనుమానం. ఫెయిలవ్వరు, గొడవ చెయ్యరు, బెంచీ విరగ్గొట్టరు. అల్లరి చేసేవాడి పేరు హెచ్ఎం రూమ్ దాకా వెళ్తుంది, వాడికి తిట్లో దెబ్బలో ఏదో ఒకటి అందుతుంది, కనీసం వాడొకడున్నాడని అందరికీ తెలుస్తుంది, నోరు విప్పని పిల్లని మాత్రం 'బంగారం లాంటి పిల్ల' అని మెచ్చుకుని వదిలేస్తాం. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అంటే 40 మంది ఉన్న క్లాసులో ఐదారుగురన్నమాట. మన క్లాసులో ఆ ఐదారుగురు ఎవరో చెప్పమంటే ఎంతమందిమి చెప్పగలం?

ఇంకో భయం కూడా ఉంది టీచర్లలో, నాకూ ఉండేది. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందేమో అని. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,342 మంది పిల్లల మీద ఇదే విషయం పరీక్షించి 2005లో రిజల్ట్ చెప్పారు, అడిగినందువల్ల పిల్లల బాధ పెరిగినట్టు కనపడలేదు, అప్పటికే డిప్రెషన్‌లో ఉన్న పిల్లలకి అడగడం వల్ల కాస్త తగ్గినట్టే కనపడింది. కాబట్టి అడగాలి, తలుపు దగ్గర నిలబడి హడావుడిగా కాదు, పక్కన కూర్చుని, సూటిగా, జవాబు వచ్చేదాకా ఆగి. 'ఎవరికీ చెప్పనులే' అని మాత్రం మాటివ్వకూడదు, ఎందుకంటే ప్రాణం మీదకొచ్చే విషయమైతే చెప్పి తీరాలి, ఎవరికి చెప్తున్నామో ముందు ఆ పిల్లకే చెప్పి అప్పుడు చెప్పాలి, అప్పటిదాకా ఒంటరిగా వదలకూడదు. ఇబ్బంది ఇంట్లోనే ఉందనిపిస్తే వెంటనే ఇంటికి ఫోన్ కొట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు కదా, ముందు కౌన్సెలర్‌తోనో పిల్లల రక్షణ చూసే అధికారులతోనో మాట్లాడాలి.

ఇక్కడ టీచర్‌గా నాకు కష్టంగా అనిపించినా ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. యూరప్‌లో 10 దేశాల్లో, 168 స్కూళ్లలో, 11,110 మంది పిల్లలతో చేసిన పెద్ద పరిశోధన 2015లో వచ్చింది. కొన్ని స్కూళ్లలో టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చారు, కొన్నిట్లో ప్రశ్నలడిగి రిస్కులో ఉన్నవాళ్లని ఏరి డాక్టర్ల దగ్గరికి పంపారు, కొన్నిట్లో పిల్లలతోనే నాలుగు వారాల్లో ఐదు గంటలు మాట్లాడించారు, రోల్ ప్లేలు చేయించారు, బాధగా ఉంటే ఏం చెయ్యాలి, స్నేహితుడు అలా ఉంటే ఎవరికి చెప్పాలి అని. ఏడాది తర్వాత చూస్తే ఆత్మహత్యా ప్రయత్నాలు చెప్పుకోదగ్గంతగా తగ్గింది ఆ మూడోదాంట్లోనే. ఆలోచిస్తే అర్థమవుతుంది, పిల్లలు ముందు చెప్పుకునేది మనకి కాదు, పక్క బెంచీవాడికి. వాడికి ఏం చెయ్యాలో తెలీక, పెద్దవాళ్లకి చెప్తే చాడీ అవుతుందని గుండెల్లో పెట్టుకుని తిరుగుతాడు.

అలాగని గుర్తుపట్టగానే పని అయిపోదు. చాలా చోట్ల గుర్తుపట్టాక జరిగేది ఏంటంటే లిస్టు రాసుకుంటారు, ఆ లిస్టు ఎలాగో బయటికి పొక్కుతుంది, మర్నాటి నుంచి ఆ పిల్లని అందరూ అదోలా చూస్తారు. అంతకన్నా అసలు గుర్తుపట్టకపోవడమే మేలేమో అనిపిస్తుంది. పిల్లకి కావల్సింది తనని పట్టించుకునే ఒక పెద్ద మనిషి. 1990లో మిన్నెసోటా యూనివర్సిటీలో మొదలైన ఒక పద్ధతిలో ఒక మెంటర్ ఒక పిల్లవాడితో కనీసం రెండేళ్లు ఉంటారు, అటెండెన్స్ మార్కులు చూస్తూ, తరచూ మాట్లాడుతూ. రెండేళ్లండీ, ఒక మీటింగూ ఒక సంతకమూ కాదు.

ఆ అమ్మాయి తర్వాత మేం ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్ అయ్యాక అరగంట కూర్చోవడం మొదలుపెట్టాం, ఆయాని కూడా పిలిచేవాళ్లం. రూలు ఒకటే, ఈ వారం ఎవరిలో మార్పు కనిపించింది చెప్పండి, తీర్పులొద్దు. మూడో వారంలో ఒక అబ్బాయి పేరు ముగ్గురి నోట వచ్చింది. మార్కులు పడిపోతున్నాయి, పక్కవాడితో గొడవ, తలనొప్పి. పీఈటీ సారు పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే తేలిందేంటంటే వాడికి బోర్డు కనపడట్లేదు, పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూస్తున్నాడని ఆ గొడవ. కళ్లజోడు వచ్చింది, గొడవ పోయింది. ఇంకొకరి విషయంలో అంత తేలిగ్గా తెమల్లేదు, డాక్టరు కావాల్సొచ్చింది, ఏడాది పైన పట్టింది, ఇప్పుడు కాలేజీలో ఉన్నాడు.

మీ రిపోర్టర్లు ఏటా స్కూళ్లకి వెళ్లి పాస్ పర్సెంటేజీ ఎంత, ఫస్ట్ మార్కు ఎవరికి అని అడుగుతారు కదండీ. ఈసారి ఆ అరగంట ఏ రోజు పెట్టుకున్నారు అని కూడా అడగమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్