రోమ్‌లో ఏడాది పొడుగునా చలివేంద్రాలే

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీరు యూరప్ టూర్ గురించి వేసిన ఫుల్ పేజీ చదివానండి. ఫొటోలు బాగున్నాయి కానీ రోమ్‌ని నాలుగు లైన్లలో తేల్చేశారు, కొలోసియం (పాతకాలపు పోటీల స్టేడియం) దగ్గర బస్సు ఆపుతారు, గంటన్నర టైమిస్తారు, ఆ తర్వాత ఇండియన్ లంచ్ అట, అయిపోయింది. కిందటి జూన్‌లో అక్కడ చదువుకుంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లి ఒక రోజంతా నడిచే తిరిగాను, మోకాళ్ల నొప్పులున్న యాభై ఎనిమిదేళ్లదాన్ని, అందుకే ఈ ఉత్తరం.

టెర్మినీ స్టేషన్ దగ్గర పొద్దున్నే బయల్దేరాం. కొలోసియం చేరేసరికే నా బాటిల్ ఖాళీ, రోడ్డు మీద అమ్మేవాడు చిన్న బాటిల్ రెండు యూరోలన్నాడు, అంటే మన లెక్కలో దాదాపు రెండొందలు, నాకు దాహం అక్కడే తీరిపోయింది. అమ్మాయి నవ్వి పక్కనే ఉన్న ఒక ఇనప దిమ్మ దగ్గరికి లాక్కెళ్లింది, దానికో వంకర గొట్టం, నీళ్లు ధారగా పోతూనే ఉన్నాయి. అలవాటు కొద్దీ కుళాయి కట్టకుండా ఎవరే వదిలేశారు అని తిట్టబోయా. దానికి అసలు కట్టేయడానికి తిప్పే పిడే లేదు! నజోనే అంటారు, అంటే పెద్ద ముక్కు, ఆ గొట్టాన్ని చూసి పెట్టిన పేరు. 1874 నుంచి ఉన్నాయి, ఊరంతా కలిపి రెండున్నర వేలదాకా ఉంటాయట. గొట్టం మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. మొదటిసారి నా చీర మొత్తం తడిసింది అది వేరే సంగతి. నీళ్లు వృథా అనేవాళ్లూ ఉన్నారు, 2017 కరువులో కొన్నింటిని కట్టేశారు కూడా. కానీ మన దగ్గర చలివేంద్రం పెట్టిన రోజు రిబ్బన్ కటింగు, ఫొటో, పదో రోజుకి ఖాళీ కుండలు, అది గుర్తొచ్చి కొంచెం కుళ్లుకున్నా.

అక్కడినుంచి ఇటలీ నియంత ముస్సోలినీ 1932లో పాత ఫోరమ్‌ల (అప్పటి రోమన్ల ఊరి కూడళ్లు) మీదుగా వేయించిన రోడ్డు పట్టుకుని నడిచాం, ఒక్క చెట్టు నీడ కోసం వెతుక్కుంటూ. జూలియస్ సీజర్‌ని పొడిచి చంపిన చోటు ఇప్పుడు రోడ్డుకంటే కిందకి ఉంది, అక్కడ పిల్లులు హాయిగా పడుకునున్నాయి.

పాంథియన్ అనే పాత రోమన్ గుడి గురించి మాత్రం మీరు ఒక్క ముక్క రాయలేదేంటండీ? నేను వెళ్లినప్పుడు అయిదు యూరోల టికెట్, అంతే. 43 మీటర్ల గుమ్మటం, కాంక్రీటే, లోపల ఇనప చువ్వ ఒక్కటి లేదు, పంతొమ్మిది వందల ఏళ్లనించి నిలబడే ఉంది. నడినెత్తిన పెద్ద కన్నం, వాన పడితే లోపలే పడుతుంది, నీళ్లు పోడానికి నేలలో చిన్న చిన్న చిల్లులు పెట్టారు. బయట గుమ్మం పైన అగ్రిప్ప అని పాతకాలపు రోమన్ సేనాని పేరు చెక్కి ఉంటుంది, నిజానికి ఇప్పుడున్న గుడి ఆయన కట్టింది కాదు, తర్వాత కట్టించిన హాడ్రియన్ చక్రవర్తి పాత పేరే ఉంచేశాడు. (మన శిలాఫలకాల గురించి నేనేం అనను.) అక్కడినుంచి పది నిమిషాలు నడిస్తే ట్రెవీ ఫౌంటెన్, దానికి నీళ్లొచ్చేది ఇదే అగ్రిప్ప క్రీస్తుపూర్వం 19లో తెప్పించిన కాలవ నుంచి. బస్సులో తిరిగితే ఈ రెండూ ముడిపడవు, నడిస్తేనే తెలిసింది నాకు.

కష్టాలూ చెప్పాలి. వీధులన్నీ నల్లరాళ్లు, సాంపియెత్రీని అంటారు, ఎగుడుదిగుడు, మధ్యాహ్నానికి నా చెప్పు తెగింది, చీర కింద స్పోర్ట్స్ షూసుతో తిరిగా. కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. స్పానిష్ మెట్లని ఊళ్లో ఓ పేరున్న పెద్ద మెట్ల వరుస ఉంది, దాని మీద కూలబడబోతే అమ్మాయి రెక్క పట్టుకుని లేపింది, 2019 నుంచి కూర్చుంటే ఫైనట, మెట్లు కట్టిందే కూర్చోడానికి కాదా అనిపించింది.

ఈసారి రోమ్ గురించి వేసేటప్పుడు హోటల్ ఫొటో ఒకటి తగ్గించి ఆ ఇనప దిమ్మ ఫొటో వేయండి, ఖాళీ బాటిల్ ఒకటి పట్టుకెళ్లమని కూడా రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ