అడగకుండా పోసిన ఆయిల్ ట్రీట్‌మెంట్ గురించి ఫిర్యాదు

రాజమండ్రి

కస్టమర్ రిలేషన్స్ మేనేజర్ గారికి,

విషయం: 40,000 కిలోమీటర్ల సర్వీసులో నా అనుమతి లేకుండా ఇంజిన్ ఫ్లష్, ఆయిల్ ట్రీట్‌మెంట్ వాడి రూ. 1,416 వసూలు చేయడం

అయ్యా,

మీ కంపెనీ కారు నాలుగేళ్లుగా నడుపుతున్నాను. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజిన్, బీఎస్6 మోడల్. ప్రతి సర్వీసూ మా ఊళ్లో ఉన్న మీ అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే చేయించాను, ఒక్కటీ తప్పలేదు. పోయిన శనివారం నాలుగో సర్వీసుకు ఇచ్చాను. పొద్దున జాబ్ కార్డులో రాసిన అంచనా రూ. 5,800. దానికే నా ఫోనుకు ఓటీపీ వచ్చింది, చెప్పాను. సాయంత్రం చేతిలో పెట్టిన బిల్లు మాత్రం రూ. 7,216.

కొత్తగా చేరినవి రెండు లైన్లు: ఇంజిన్ లోపలి మడ్డి కడిగే ఫ్లష్, కొత్త ఆయిల్‌లో విడిగా కలిపే ట్రీట్‌మెంట్. ఇంజిన్ ఫ్లష్ రూ. 520, ఇంజిన్ ఆయిల్ ట్రీట్‌మెంట్ 300 మి.లీ. రూ. 680. మీద 18 శాతం జీఎస్టీ రూ. 216. మధ్యలో నాకు ఒక్క ఫోను లేదు, ఒక్క మెసేజ్ లేదు. అప్పటికే పోసేశారు కాబట్టి వద్దనడానికి కూడా ఏమీ మిగల్లేదు. కారు కావాలి, డబ్బు కట్టి తెచ్చుకున్నాను.

ఎందుకు పోశారని సర్వీస్ అడ్వైజర్‌ను అడిగాను. “ఎండాకాలం కదా సార్, ఆయిల్ పలచబడిపోతుంది, ఇది పోస్తే గ్రిప్ ఉంటుంది, మైలేజ్ కూడా పెరుగుతుంది” అన్నాడు. మర్యాదగానే చెప్పాడు పాపం. కానీ చెప్పింది తప్పు. రాజమండ్రి ఎండ సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. బయట 45 డిగ్రీలున్నా 25 ఉన్నా, ఇంజిన్ వేడెక్కాక థర్మోస్టాట్ కూలెంట్‌ను 90 డిగ్రీల చుట్టుపక్కలే పట్టి ఉంచుతుంది. ఆ వేడికి ఎంత చిక్కదనం ఉండాలో లెక్కగట్టే కదా మీ ఇంజినీర్లు నా కారుకు 0డబ్ల్యూ-20 ఆయిల్ నిర్ణయించారు? ఆ 20 అనే అంకె 100 డిగ్రీల దగ్గర కొలిచిన చిక్కదనానికి పెట్టిందే. ఇంట్లో మాన్యువల్ తీసి చూశాను. ఆయిల్ గురించి రాసిన పేజీలో, చెప్పిన గ్రేడు వాడండి, అందులో విడిగా అడిటివ్‌లు (ఇలాంటి మందులు) ఏవీ కలపకండి అని మీరే అచ్చు వేశారు. మీ పుస్తకం వద్దంటుంది, మీ వర్క్‌షాప్ పోస్తుంది. నేనెవరి మాట వినాలి?

ఆదివారం పొద్దున్న, ఇంజిన్ చల్లగా ఉండగా, ఇంటి ముందు చదునుగా ఉన్న సిమెంటు నేల మీద డిప్‌స్టిక్ తీశాను. పాత బనియన్ గుడ్డతో తుడిచి మళ్లీ దింపి చూశాను. ఆయిల్ పై గుర్తు దాటి సగం వేలు మేర ఉంది. మూడుసార్లు చూశాను, అదే లెక్క. ఫోటోలు జతచేశాను. ఎందుకలా అయిందో బిల్లులోనే ఉంది. ఫిల్టర్‌తో కలిపి నా ఇంజిన్ పట్టేది 3.1 లీటర్లు. బిల్లులో ఆయిల్ 3.1 లీటర్లు, దాని మీద 300 మి.లీ. ట్రీట్‌మెంట్. ట్రీట్‌మెంట్ పోసినప్పుడు ఆ మేరకు ఆయిల్ తగ్గించాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదన్నమాట. లెవెల్ మరీ ఎక్కువైతే ఇంజిన్ అడుగున తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగ వచ్చిన ఆయిల్ బేరింగుల దగ్గర సరిగా పని చేయదు. ఖాళీ డబ్బా అడిగి తెచ్చుకున్నాను. దాని లేబుల్ మీద “5 లీటర్ల ఆయిల్‌కు ఒక డబ్బా” అని, “ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన, ఆయిల్ తాగే ఇంజిన్లకు” అని రాసి ఉంది. నా కారు తిరిగింది నలభై వేలు. సర్వీసుకూ సర్వీసుకూ మధ్య ఒక్క చుక్క టాప్-అప్ పోసిన పాపాన పోలేదు.

అడిటివ్‌లంటే నాకు గిట్టదని అనుకోకండి. దీనికి ముందు నా దగ్గర 2004 మోడల్ కారు ఉండేది. లక్షా అరవై వేల కిలోమీటర్లు దాటాక పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వచ్చేది, రెండు నిమిషాల్లో తగ్గిపోయేది. మా వీధి చివర షెడ్డులో పనిచేసే మెకానిక్ బాబాయికి చూపించాను. ఆయన డబ్బా తీయలేదు. “ముందు ఎంత తాగుతోందో లెక్క చూద్దాం బాబూ, మందు సంగతి తర్వాత” అన్నాడు. డిప్‌స్టిక్ లెవెల్ సరిచేసి, వెయ్యి కిలోమీటర్లు తిప్పి రమ్మన్నాడు. అరలీటరు పైన తగ్గింది. పొగ స్టార్ట్ చేసినప్పుడే వస్తోందా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కూడా వస్తోందా అని అడిగాడు. మొదటిదైతే వాల్వ్ సీల్స్ మీద అనుమానం, రెండోదైతే రింగుల మీద అట. తర్వాత ఇంజిన్ అడుగున చేరే వాయువులను బయటికి పోనిచ్చే పీసీవీ వాల్వ్ విప్పి ఊపి చూపించాడు. టకటకమనాల్సింది, మడ్డి పట్టి మూగగా ఉంది. అది మార్చాకే, అప్పటికీ పొగ పూర్తిగా పోకపోతే, ఎండి గట్టిపడ్డ సీల్స్ కాస్త మెత్తబడడానికి అడిటివ్ పోద్దామన్నాడు. “పోతుందని గ్యారంటీ లేదు, ఇంజిన్ విప్పే ఖర్చు కొన్నాళ్లు వాయిదా పడుతుంది, అంతే” అని ముందే చెప్పాడు. పోశాం. పొగ తగ్గింది, పోలేదు. ఏడాదికి సీల్స్ మార్పించుకున్నాను. ఆయనకు ఏ కంపెనీ యూనిఫారమూ లేదు. కానీ జబ్బేదో చూసి, నన్ను అడిగి, పోశాడు.

ఆయిల్ డబ్బాలో వచ్చేది ఉత్త నూనె కాదని మీకు తెలియదా? మసిని కడిగేవి, ఆ మసి ముద్దకట్టకుండా తేలగొట్టేవి, అరుగుదలను ఆపే జింకు సమ్మేళనం, నురగను అణిచేవి, అన్నీ తూకం చూసి కలిపే ఇస్తారు. పైగా నాది బీఎస్6 కారు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంది. దాన్ని కాపాడడానికే 0డబ్ల్యూ-20 లాంటి పలచని ఆయిల్స్‌కు అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ వారి ఎస్‌పీ ప్రమాణంలో ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. మీరు పోసిన 300 మి.లీ.లో ఏముందో ఆ లేబుల్ చెప్పడం లేదు. వంట పూర్తయిన కూరలో ఉప్పు డబ్బా బోర్లించి, రుచి పెరుగుతుందని చెప్పినట్టుంది.

ఫ్లష్ సంగతీ అంతే. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చక మడ్డి పేరుకున్న ఇంజిన్‌కైతే ఆ ఆలోచన చేయొచ్చు. అక్కడ కూడా ఊడిన మడ్డి వెళ్లి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడే ప్రమాదం ఉంటుంది కాబట్టి చూసి చేయాలి. నా పాత ఆయిల్ వేళ్ల మధ్య రుద్ది చూపించమని నేనే అడిగితే, మీ కుర్రాడు చూపించాడు. నల్లగా ఉంది, కానీ జారుతోంది, ముద్దలు లేవు. దానికి ఫ్లష్ ఎందుకు?

ఇక మైలేజ్. నేను ట్యాంకు నింపించిన ప్రతిసారీ చిన్న నోటుబుక్కులో రాసుకుంటాను (మా ఆవిడ నవ్వుతుంది, అది వేరే విషయం). సర్వీసుకు ముందు లీటరుకు 17.2, 17.4. సర్వీసు తర్వాత ఇంకా నింపించలేదు, కాబట్టి కొత్త లెక్క నా దగ్గర లేదు. కానీ పెరుగుతుందని కౌంటర్లో ధీమాగా చెప్పడానికి మీ దగ్గరైనా ఏం ఆధారం ఉంది? ఇంజిన్ అరుగుదల తగ్గుతుందంటూ చేసిన ప్రకటనల మీద, ఇలాంటి ఆయిల్ ట్రీట్‌మెంటే అమ్మే స్లిక్ 50 కంపెనీపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లోనే చర్య మొదలుపెట్టింది. ఏడాదికి ఆ కంపెనీ రాజీకి వచ్చి, రుజువు లేని ఆ మాటలు మానుకోవడానికి ఒప్పుకుంది.

నిజానికి నాకు చెప్పాల్సిన మాట ఒకటుంది, అది మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను రోజూ వంతెన దాటి కొవ్వూరు వెళ్లి వస్తాను. చిన్న దూరం, మధ్యలో ట్రాఫిక్, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేసరికి ఆఫీసు వచ్చేస్తుంది. ఇలాంటి వాడకంలో ఆయిల్‌లో తేమ, పెట్రోలు చేరతాయి, కాబట్టి పదివేల దాకా ఆగకుండా ముందే మార్చుకోమని మీ మాన్యువల్లోనే ఉంది. ఆ సలహా ఇచ్చి ఉంటే సంతోషంగా ఇంకో ఆయిల్ చేంజ్ డబ్బులు కట్టేవాణ్ణి.

క్యాష్ కౌంటర్ వెనక తెల్లబోర్డు మీద అడ్వైజర్ల పేర్లు, పక్కన ఫ్లష్ ఇన్ని, ట్రీట్‌మెంట్ ఇన్ని అని గీతలు కనిపించాయి. ఈ నెల ఒకాయన ఇరవై దాటాడు. నా ఇంజిన్‌కు ఏం కావాలో నా ఇంజిన్ కాదు, ఆ బోర్డు నిర్ణయించిందన్నమాట. అందుకే ఆ కుర్రాడి మీద చర్య తీసుకోమని నేను అడగడం లేదు, దయచేసి తీసుకోకండి కూడా. టార్గెట్ పెట్టింది ఆయన కాదు.

నేను అడుగుతున్నవి ఇవి. రూ. 1,416 నా ఖాతాకు తిరిగి వేయండి. ఇప్పుడున్న ఆయిల్ తీసేసి, ఫిల్టర్‌తో సహా మార్చి, మాన్యువల్లో ఉన్న గ్రేడు ఆయిల్ మాత్రమే మీ ఖర్చుతో పోయండి, లెవెల్ నా ముందు చూపించండి. ఈ ట్రీట్‌మెంట్ మీ అధీకృత సెంటరే నా అనుమతి లేకుండా వాడిందని లెటర్‌హెడ్ మీద రాసివ్వండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకా ఉంది, రేపు ఏదైనా తేడా వస్తే అడిటివ్ వాడారు కాబట్టి చెల్లదని మీరే అనే పరిస్థితి రాకూడదు. ఇకమీదట అంచనాలో లేనిది ఏది చేర్చినా దానికి విడిగా ఓటీపీ తీసుకోమని సర్వీస్ సెంటర్లకు చెప్పండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు కోరుతున్నాను. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు కూడా లేదు.

లెవెల్ పైన ఉన్నందున కారు ఇంటి దగ్గరే ఆపి, బస్సులో ఆఫీసుకు వెళ్తున్నాను. ఎవరినైనా పంపేటట్లయితే ఆదివారం పొద్దున తొమ్మిది లోపు పంపండి, ఇంజిన్ చల్లగా ఉంటుంది, డిప్‌స్టిక్ వాళ్లే తీసి చూడొచ్చు.

ఇట్లు,
మీ కస్టమర్

జతపరిచినవి: జాబ్ కార్డు, బిల్లు నకళ్లు, డిప్‌స్టిక్ ఫోటోలు మూడు, ఖాళీ డబ్బా లేబుల్ ఫోటో, మాన్యువల్లో ఆయిల్ పేజీ నకలు. డబ్బా నా దగ్గరే భద్రంగా ఉంది.